పాలు చేతిల వట్టుకొని

మా ఊళ్లో ఎవరైనా తమ మాట నమ్మించాలనుకుంటే దేవుడి మీద ఒట్టు పెట్టరు. "పాలు చేతిల వట్టుకొని చెప్తున్న" అంటారు. చేతిలో బీడీ ఉన్నా అదే మాట, కల్లు సీసా ఉన్నా అదే మాట. వేరే ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లు మొదట తెల్లబోతారు, నెల తిరిగేసరికి వాళ్లూ అనడం మొదలుపెడతారు. ఈ మాట పుట్టింది మా గోడ పక్క ఇంట్లో. మొదట అన్నది అండాలు.

అండాలు ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు ఒక బర్రెను తోలి ఇచ్చారు. మొగుడు బీరన్న గొర్ల కాపరి. ఎండలు ముదిరితే మందను తోలుకొని కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోతాడు, వానలు పడ్డాక ఎప్పుడో వస్తాడు. ఇంట్లో ఉన్నా లేనట్టే, అంత తక్కువ మాట్లాడతాడు. అందుకని అండాలు పాలు పోయడం మొదలుపెట్టింది. మొదటి వారంలోనే లీలమ్మ, అంటే ఊళ్లో ఎవరింటి కూర ఉడికినా ఉప్పు తనే చూడాలనుకునే మనిషి, "కొత్త పిల్లా, నీళ్లెన్ని కలుపుతున్నవే?" అని అడిగింది. అండాలు నిండు కొలత డబ్బా చేతిలో పట్టుకొని నిలబడింది. "పాలు చేతిల వట్టుకొని అబద్ధమాడుతనా చిన్నమ్మా? పాలంటే లచ్చిమి గాదా?" అంది. లీలమ్మే గిన్నె ముందుకు చాపిందంటే చూసుకోండి. ఆ మాట ఆ రోజే ఊరంతా తిరిగింది.

తర్వాత బర్రెలు రెండయ్యాయి. ఊరు కట్టంగూరు దగ్గర, హైవేకి ఆనుకొని ఉంటుంది కాబట్టి రోడ్డు పక్కన ఎల్లస్వామి చాయ్ హోటల్ పెట్టాడు. "అసలైన బర్రె పాల చాయ్" అని బోర్డు రాయించాడు. ఆ బర్రెలు అండాలువే. ఎల్లస్వామి ఆమెను అక్కా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పాల చుట్టరికమే. ప్యాకెట్ పాలు ఊళ్లోకి వచ్చి, ఫ్రిజ్‌లు వచ్చి, పాలు పోసే మిగతా వాళ్లంతా మానేసినా అండాలు మానలేదు. ఆమె పాలు తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు మీసాలు మెలేస్తున్నారు.

గొప్ప మనిషని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నాకు అలా రాయడం చేతకాదు, పొగడ్త వింటేనే నాకు చిరాకు. కరోనా తర్వాత బళ్లు తెరిచిన రెండో ఏడు ఒక సంగతి జరిగింది. అది చెప్పాలి. కొంత నేను కళ్లారా చూశాను, మిగతాది మా గోడ మీద మోచేతులు ఆనించి ఆమే చెప్పింది.

ఆ వానాకాలంలో పెద్ద బర్రెకు పొదుగు వాపు వచ్చింది. పశువుల డాక్టరు సూదులు వేశాడు, బర్రె బతికింది కానీ పాలు పోయాయి. రెండో బర్రె ఇచ్చేవి సగం ఇళ్లకు కూడా చాలవు. పాలు చాలడం లేదని చెబితే అయిపోయేది. కానీ మా దగ్గర పాలు, బియ్యం, పసుపు "లేవు" అనరు, అశుభం. "నిండుకున్నయి" అంటారు. అండాలుకు ఆ నిండుకున్నాయన్న మాట కూడా నోట్లోంచి రాలేదు. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆమె ఎవరి గడపలోనూ ఆ మాట అనలేదు. అదే ఆమె గర్వం. ఆ గర్వమే ఆమెను నకిరేకల్ బజారుకు తీసుకుపోయి పాలపొడి సంచులు కొనిపించింది.

తెల్లవారుజామున కొట్టంలో కూర్చొని, వేడి నీళ్లలో పొడి కరిగించి, పాలల్లో కలిపేది. బర్రె కోలుకునేదాకానే అని తనకు తాను చెప్పుకునేది. ఖాళీ సంచులు కాలిస్తే వాసన వస్తుంది, చెత్తబండిలో వేస్తే ఎవరైనా చూస్తారు. అందుకని కొట్టం అటక మీద ఎండుగడ్డి కింద దూర్చేది. మేమంతా అవే పాలు తాగాం. ఒక్కరికీ తేడా తెలియలేదు. నాకు నాలుక మీద ఉన్న నమ్మకం ఆ దెబ్బతో పోయింది.

అదే కాలంలో మా సర్కారు బడికి దీప్తి అని కొత్త టీచరు వచ్చింది. రోజూ నల్లగొండ నుంచి స్కూటీ మీద వచ్చేది. శనివారం మధ్యాహ్నం పిల్లలతో ఇంట్లో పారేసే వస్తువులతో బొమ్మలు చేయించేది. ఏదీ కొనకూడదన్నది ఆమె షరతు. ఆ షరతు నాకు నచ్చింది. మా అక్క మనవడు చదివే ప్రైవేటు బడిలో కూడా ఇలాగే చెత్తతో బొమ్మ చేయమంటే, వాడి తల్లి దుకాణానికి పోయి కొత్త పుల్లలు, కొత్త కాగితం కప్పులు, తళుకుల డబ్బా కొనుక్కొచ్చింది. చెత్త కొనుక్కురావడం నా జన్మలో వినలేదు.

ఇక మా ఊరి పిల్లలకు దొరికిందే సందు. అరిగిన హవాయి చెప్పును గుండ్రంగా కోస్తే చక్రం అవుతుంది, చీపురు పుల్ల గుచ్చితే ఇరుసు అవుతుంది, పైన అగ్గిపెట్టె పెడితే బండి. పెళ్లి కార్డు మడతపెట్టి ముక్కు వంచితే రామచిలక. కొబ్బరి చిప్ప బోర్లించి కింద నాలుగు సీసా మూతలు అతికిస్తే తాబేలు. చూస్తే ముచ్చటేసేది. అయితే ఆ నెలంతా ఊళ్లో ఏ గడప ముందూ చెప్పులు జతగా ఉండలేదు. మా ఆయన ఎడమ చెప్పు ఒకటి, ఇంకా తొడుగుతున్నదే, బండి చక్రాలై తిరిగింది.

అండాలుకు పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన బిడ్డ మనీష అప్పుడు నాలుగో తరగతి చదువుతోంది. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడిస్తామని, ఆ రోజే బొమ్మలు అందరికీ చూపిద్దామని దీప్తి చెప్పింది. మనీష పారేసే వాటితో బతుకమ్మనే చేస్తానంది. పనికొచ్చేదేమైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా వెతికింది, కొట్టం అటక ఎక్కింది. గడ్డి కింద సంచులు కనిపించాయి. పైన నీలం, లోపల వెండి. పిల్లకు అంతకంటే ఏం కావాలి?

సంచులు కడిగి, తిరగేసి, వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించింది. ఒక అంచున సన్నగా గాట్లు పెట్టి చుట్టితే పువ్వు అయింది. వాడిన కాగితం పళ్లేలను పెద్దది కింద, చిన్నది పైన పేర్చి, చుట్టూ వెండి పూలు అతికించింది. బతుకమ్మలో పేర్చే కట్లపూలు నీలంగా ఉంటాయి కదా, కింది వరసకు మాత్రం సంచుల నీలం వైపు బయటికి పెట్టింది. పైన గౌరమ్మకు బదులు పసుపు రాసిన సీసా మూత. అమ్మకు ఆ రోజు దాకా చూపించకూడదని బడి అల్మారాలోనే దాచింది.

ఆ రోజు ఆడవాళ్లమంతా కొత్త చీరలు కట్టుకొని బడికి వెళ్లాం. వరండాలో బల్లలు వేసి బొమ్మలన్నీ పెట్టారు. ఎల్లస్వామి తన తరఫున అందరికీ చాయ్ తెచ్చాడు, పైసలు వద్దన్నాడు. దీప్తి పిల్లలకు ఒక పద్ధతి నేర్పింది. ఒక్కొక్కరూ బొమ్మను పైకెత్తి, అది ఇంట్లో దేని తర్వాత మిగిలిందో చెప్పాలి. "గిది మా నాయిన చెప్పు అరిగినంక మిగిలింది," "గిది మా అక్క పెండ్లయినంక మిగిలింది" అని పిల్లలు చెబుతుంటే అందరం నవ్వుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం.

మనీష వెండి బతుకమ్మను ఎత్తింది. ఎండ తగిలి తళుక్కుమంది. అందరం ఒక్కసారే "అబ్బా" అన్నాం. అండాలు నా పక్కనే నిలబడి ఉంది. ముందు ఆమె ముఖం కూడా వెలిగింది. తర్వాత ఆమె చూపు కింది నీలం వరస మీద పడింది. ఆమె చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

"గిది పాలపొడి..." అని మొదలుపెట్టి పిల్ల అమ్మ వైపు చూసింది. ఆగిపోయింది.

"చెప్పు మనీషా, దేని తర్వాత మిగిలింది?" అంది దీప్తి.

లీలమ్మ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చి నీలం పువ్వును వేలితో విప్పి చూస్తోంది. "పాలపొడి సంచులే ఇవి! గిన్ని ఉన్నయా! ఎవరింట్లయే పిల్లా?"

అమ్మ తల దించుకుంది. బడి అంతా ఎదురుచూస్తోంది. ఆ తొమ్మిదేళ్ల పిల్లకు ఆ క్షణంలో ఎంత అర్థమైందో ఏమో, చిన్న గొంతుతో, "మా ఇంట్లయి కావు. ఎల్లస్వామి మామ హోటల్ ఎనక ఏరుకొచ్చిన" అంది.

ఒక్కసారి నవ్వులు లేచాయి. అందరి చేతుల్లోనూ ఎల్లస్వామి ఇచ్చిన చాయ్ గ్లాసులే ఉన్నాయి మరి. "గిదా నీ అసలైన బర్రె పాల చాయ్!" అని ఒకరు. "బర్రె కాదు, సంచి పాలు!" అని ఒకరు. "ఎల్లస్వామి గాదు, పొడిస్వామి!" అంది లీలమ్మ. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ఎల్లస్వామి కెటిల్ కింద పెట్టాడు. కోపం లేదు, అయోమయమే ఉంది. "నిజంగ చెప్తున్న, పొడి నా హోటల్ల అడుగు వెట్టలే. బిడ్డ ఏడనో ఏరుకొచ్చి ఉంటది, పొరపాటువడ్డది" అన్నాడు. నవ్వులు ఆగలేదు. అప్పుడతను అండాలు వైపు తిరిగాడు. "అక్కా, నువ్వన్న చెప్పు. రోజు పొద్దుగాల నా కాడికొస్తవు, పొయ్యి కాడిదాక వస్తవు. ఎన్నడన్న పొడి చూసినవా? పాలు చేతిల వట్టుకొని అబద్ధమాడని మనిషి ఈమె. ఈమె చెప్తే నమ్ముండ్రి."

అందరూ నవ్వడం ఆపి అండాలును చూశారు. ఆమె ఒక్క మాట చెబితే చాలు. నిజమంతా కూడా చెప్పనక్కర్లేదు, చూడలేదని చెప్పినా చాలు. నా చెయ్యి వదిలేసి, కొంగు భుజం మీదికి లాక్కొని, నేలను చూస్తూ అంది:

"నేను పాలు పోసి నా తొవ్వ నేను పోత. ఎనక ఆయన ఏం కలుపుకుంటడో నాకేమెర్క?"

ఎల్లస్వామి గ్లాసులు కూడా ఏరుకోకుండా కెటిల్ ఒక్కటీ పట్టుకొని వెళ్లిపోయాడు. దీప్తి తొందరగా పాట అందుకోమంది. మేము బతుకమ్మల చుట్టూ తిరుగుతూ ఆడాం. అండాలు కూడా తిరిగింది. ఆ వెండి బతుకమ్మ నడుమ ఉంటే దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగిన ప్రతి చుట్టూ తనను చెప్పుతో కొట్టినట్టే ఉండిందని ఆమె తర్వాత నాతో అంది.

ఆ రోజు నుంచే ఆమె పొడి కలపడం మానేసింది. మిగిలిన పొడిని పెంటకుప్పలో పోసి మట్టి కప్పింది. కొన్ని గడపలకు వెళ్లి "నిండుకున్నయమ్మా, వేరే సూస్కోండ్రి" అని కూడా చెప్పింది. అన్నేళ్లు నోట్లోంచి రాని మాట ఇప్పుడు సులువుగానే వచ్చింది. ఇక ఎవరినీ మోసం చేయడం లేదు. ఎవరికీ తెలియదు కూడా. అక్కడితో మరిచిపోయి ఉండొచ్చు.

కానీ ఊరు మరిచిపోలేదు. లారీల వాళ్లు ఆగి తాగేవాళ్లు కానీ, మా ఊరివాళ్లు ఎల్లస్వామి హోటల్‌కు పోతే ముందు ఒక హాస్యం ఆడకుండా గ్లాసు పట్టుకునేవాళ్లు కాదు. "పొడిస్వామీ, రెండు చెమ్చాలు ఎక్కువేయ్!" అతను నవ్వకుండా చాయ్ పోసి ఇచ్చేవాడు. అండాలు పాలు తీసుకుపోతే గిన్నె ముందుకు పెట్టి పొయ్యి వైపు తిరిగిపోయేవాడు. అక్కా అనడం మానేశాడు. తిట్టి ఉంటే బాగుండేదని అండాలు అనుకునేది. అద్దంలో బొట్టు పెట్టుకునేటప్పుడు నుదురు ఒక్కటే చూసుకునేది, కళ్లు చూసుకునేది కాదు.

దసరా అయిపోయి బడి తెరిచిన రోజు పొద్దున మా పాలు రాలేదు. చాయ్ లేకపోతే నాకు మనుషులు మనుషుల్లా కనిపించరు. గిన్నె పట్టుకొని బయటికి వచ్చాను. సందు మొదట్లో తల్లీబిడ్డా నిలబడి ఉన్నారు. మనీష చేతిలో చిన్న క్యాను. రోజూ అమ్మతో హోటల్ దాకా వచ్చి, అటునుంచి అటే బడికి పోతుంది.

"ఎందుకే గా తొవ్వల రానంటవు?" అంటోంది అండాలు.

"మామ ముందటికెళ్లి పోబుద్ధి అయితలేదు."

"మామ ఏమన్నడు నిన్ను?"

"ఏమనలే. గదే." పిల్ల ఎన్నో రోజులుగా లోపల దాచుకున్నట్టు గబగబా అడిగింది. "అమ్మా, గారోజు అబద్ధం చెప్పినప్పుడు నా చేతుల పాలు లెవ్వు గదా? నీ చేతుల గూడ లెవ్వు. గట్లయితే పాపం తాకదు గదా?"

నేను గిన్నెతో అక్కడే ఆగిపోయాను. పిల్ల అడిగింది తన సంగతి ఒక్కటే కాదు, అమ్మకు కూడా ఏమీ కాదని తెలుసుకోవాలనుకుంది. అప్పుడే నాకు అంతా అర్థమైంది. చల్లటి చెయ్యి కూడా అర్థమైంది. అండాలు ముఖం మాత్రం నేను చూడలేకపోయాను.

ఆమె కిందికి వంగి బిడ్డ చేతిలోని క్యాను తీసుకుంది. బిడ్డను ఒక చేత్తో పట్టుకొని హోటల్ వైపు నడిచింది. నా పాల కోసం అన్నట్టు నేనూ వెనకే వెళ్లాను.

హోటల్ నిండుగా ఉంది. కట్టంగూరు పోయే బస్సు కోసం వచ్చినవాళ్లు, పత్తి ఏరడానికి పోయేవాళ్లు, బెంచీల మీద మా ఊరివాళ్లు. లీలమ్మ కొడుకు అప్పుడే పొడి హాస్యం ఒకటి ఆడి నవ్వుతున్నాడు. ఎల్లస్వామి ఎప్పటిలాగే గిన్నె పెట్టి అటు తిరిగాడు. అండాలు పాలు పోయలేదు. కొలత డబ్బా నిండా పాలు ముంచి, రెండు చేతులతో రొమ్ము దగ్గర పట్టుకొని నిలబడింది. డబ్బా అంచు దాటి పాలు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"పాలు చేతిల వట్టుకొని చెప్తున్న. గా పొడి సంచులు నా ఇంటియి. బర్రె పాలు ఎండిపోతే నేనే కలిపిన. మీ అందరికి పోసిన. ఎల్లస్వామికేమెర్కలేదు. నా బిడ్డ నా మొకం చూసి అబద్ధం చెప్పింది. దాని తప్పు లేదు."

పొయ్యి మీద చాయ్ పొంగి మంటలో పడింది. చివరికి లీలమ్మ కొడుకే అడిగాడు. "మరి గారోజు గంత మంది ముందట గట్లెందుకంటివి?"

అండాలు ఒకసారి బిడ్డను చూసింది.

"గారోజు నా చేతుల పాలు లేకుండె" అంది.

ఎల్లస్వామి మెల్లగా ఇటు తిరిగాడు. "నా పేరు పోయింది, గది పోనీ. గారోజు నేను నీ మీద ఒట్టువెట్టుకున్న" అన్నాడు. "సిగ్గయితాంది తమ్మీ" అని అండాలు అంటే, "కావాలె" అన్నాడు. గిన్నె ముందుకు జరిపాడు.

ఆమె పోసింది. అతను గిన్నె ఎత్తుకొని పోలేదు. పాలల్లో వేలు ముంచి, బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకొని, అది కల్తీ పాలలా జారుతుందా, మంచి పాలలా నిలుస్తుందా అని చూశాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతను అలా చూడలేదు. మేమంతా చూస్తున్నాం. చుక్క నిలిచింది.

కొన్ని ఇళ్లు ఆమె పాలు మానేశాయి. మేము మానలేదు, మా ఆయన నాలుగు రోజులు సణిగి ఊరుకున్నాడు. ఎల్లస్వామిని ఊరు ఇప్పటికీ పొడిస్వామి అనే పిలుస్తుంది. కొత్తగా వచ్చిన కోడళ్లైతే అదే అసలు పేరనుకుంటారు. పెట్టిన పేరు పీకడం ఎవరి తరమూ కాదు. "పాలు చేతిల వట్టుకొని" అన్న మాట కూడా పోలేదు, అండాలు వింటున్నా సరే అనేస్తారు. ఆమె మాత్రం మళ్లీ ఆ మాట అనలేదు.

పెద్ద బర్రె మళ్లీ ఈనింది, పాలకు కొదవ లేదు. ఎల్లస్వామి ఈ మధ్య మళ్లీ అక్కా అంటున్నాడు. కానీ రోజూ పొద్దున ఆమె పాలు పోశాక గోరు మీద చుక్క వేసి చూస్తాడు. ఇప్పుడు ఆమె మీద అనుమానం లేదని అతనే నాతో అన్నాడు, మరి ఎందుకు చూస్తావంటే, "చూడకుంటే ఆమె పోదు" అన్నాడు. నిజమే. అతను పనిలో పడి మరిచిపోయిన రోజు, ఆమె ఖాళీ క్యాను పట్టుకొని తల వంచుకొని గిన్నె పక్కన నిలబడే ఉంటుంది.